ఉపన్యాసాలకు ఫలశ్రుతి

మన పురాణాలు, వ్రతకథలు ఫలశ్రుతితో ముగుస్తాయి. ఈ కథను విన్నవారికి ఇట్టి ఫలం కలుగుతుందని చెప్పి పౌరాణికుడు పుస్తకం మూస్తాడు. ఆ ఫలం నిజంగా కలిగినదో లేదో విచారించడానికి మరునాడు శ్రోతల ఇండ్లకు వెళ్లిన పౌరాణికుడు లేడు. వెళ్లవలసిన అవసరమూ లేదు; ఆ ఫలం చాలవరకు పరలోకానికి చెందినది. కాని ఈ లోకంలోనే, అది కూడా శీఘ్రంగా, ఫలించవలెనన్న ఉద్దేశంతో చేసే ఉపన్యాసాలు వేరొక జాతికి చెందినవి. భూమిని పంచి ఇవ్వండి అనీ, పరప్రభుత్వపు కళాశాల విడిచి రండి అనీ, వితంతువులకు వివాహాలు చేయండి అనీ చెప్పే వక్త తన ఫలశ్రుతిని తానే చదువుకొని వేదిక దిగిపోతే మనం ఊరుకోరాదు. ఆయన మాట వల్ల ఎవరు ఏమి చేశారని అడగడం న్యాయమే.

ఆశ్చర్యమేమంటే, మన సాహిత్య విమర్శ ఈ ప్రశ్నను ఇంచుమించు అడగనే లేదు. మహావక్తలను గూర్చి వ్రాసినప్పుడు వారి కంఠస్వరాన్ని, వాక్యాల నడకను, ఉపమానాల సొగసును, సభ నిశ్శబ్దమైపోయిన తీరును వర్ణించాము. "జనం ఉర్రూతలూగిపోయారు" అన్న మాటతో వ్యాసం ముగించాము. ఉర్రూతలూగిన జనం ఇంటికి వెళ్లిన తరువాత ఏమైనారో ఆ వ్యాసాలలో కనిపించదు. నాటకం చూచి ఏడ్చినవాడిని, "మరునాడు ఏమి చేశావు?" అని మనం అడగము, అక్కడ రసానుభూతియే ఫలం. ప్రేరణ కలిగించడమే ప్రయోజనంగా గల ఉపన్యాసానికి కూడా అదే మర్యాద ఇవ్వడం పొరపాటు. దాని ప్రయోజనం దాని వెలుపల ఉన్నది.

మన పూర్వులు ఈ భేదం ఎరుగనివారు కారు. ప్రేరణను గూర్చి మీమాంసకులు చేసినంత సూక్ష్మమైన విచారణ మరెక్కడా జరిగినట్లు తోచదు. "చేయవలెను" అనే విధివాక్యం విన్నప్పుడు రెండు వ్యాపారాలు జరుగుతాయని కుమారిల భట్టు మతం. ఒకటి మాటలోనే ఉన్న ప్రేరకశక్తి. దానిని శాబ్దీ భావన అన్నారు. రెండవది ప్రేరితుడైన పురుషుడు ఫలం కోసం చేసే ప్రయత్నం. అది ఆర్థీ భావన. ఈ రెండవది పూర్తి కావడానికి మూడు ఆకాంక్షలు తీరవలెను: దేనిని సాధించడం, దేనితో సాధించడం, ఎట్లు సాధించడం. ఈ మూడవదానికి ఇతికర్తవ్యత అని పేరు. స్వర్గం కావాలి, యాగం చేయాలి అని తెలిసినంత మాత్రాన చాలదు. ఏ ద్రవ్యం, ఏ క్రమం, ఎవరు ఏ పని చేయాలి అన్నది తెలియనిదే యజమాని చేయి కదలదు. వేదవాక్యాన్ని గూర్చి చెప్పిన ఈ మాటను సభావేదికకు అన్వయించడం సాహసమే కావచ్చు. అయినా మన కాలపు ఉపన్యాసాలను తూచడానికి ఇంతకంటె చక్కని త్రాసు నాకు దొరకలేదు. పెక్కు ఉపన్యాసాలలో శాబ్దీ భావన పుష్కలంగా ఉంటుంది. సాధ్యం ఉంటుంది, సాధనమూ కొంత ఉంటుంది. ఇతికర్తవ్యత ఉండదు.

దీనికి ఉదాహరణగా ఒకదానితో ఒకటి చిత్రంగా ముడిపడిన రెండు సభలను తీసుకొంటాను. ఒకటి కాశీలో 1916లో జరిగినది. మరొకటి తెలంగాణలోని పోచంపల్లిలో 1951లో జరిగినది.

కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి 1916 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. వైస్రాయి హార్డింజి ప్రభువు వచ్చాడు. సంస్థానాధీశులు రత్నాభరణాలు ధరించి వచ్చారు. ఆ ఉత్సవాల సందర్భంలో దక్షిణాఫ్రికా నుంచి తిరిగి వచ్చి ఏడాది దాటిన గాంధీని మాట్లాడమన్నారు. దర్భంగా మహారాజు అధ్యక్షుడు. అనిబిసెంటు వేదికపై ఉన్నది. గాంధీ మొదట విచారించినది మన గడ్డ మీద, అందులోనూ కాశీలో, పరభాషలో మాట్లాడవలసి వచ్చినందుకు. అంతకు ముందు డిసెంబరులో బొంబాయిలో జరిగిన కాంగ్రెసు మహాసభలో శ్రోతలను కదిలించినవి హిందూస్థానీలో చేసిన ఉపన్యాసాలు మాత్రమేనని ఆయన గుర్తు చేశాడు. ఇది కూడా ఒక కొలతయే: వక్తను చూడక శ్రోతలను చూచి కట్టిన లెక్క. తరువాత ఆయన విశ్వనాథాలయపు సందుల మురికిని గూర్చి మాట్లాడాడు, రాజుల నగలను గూర్చి, వైస్రాయికి కాపలా కాచిన రహస్య పోలీసులను గూర్చి మాట్లాడాడు, చివరకు బాంబులు వేసే యువకుల వద్దకు వచ్చాడు. అనిబిసెంటు ఆపమన్నది. రాజులు లేచి వెళ్లిపోయారు. సభ చెదిరింది. ఉపన్యాసం పూర్తి కాలేదు.

ఆ ఉపన్యాసంలోనే మన విషయానికి ఆయువుపట్టు వంటి మాట ఒకటి ఉన్నది. ఉపన్యాసాలు ఇవ్వడంలో మన శక్తి ఇంచుమించు చివరికి వచ్చినదనీ, చెవులకు కన్నులకు విందు జరిగితే చాలదనీ, హృదయాలు స్పందించి, చేతులు కాళ్లు కదలవలెననీ ఆయన చెప్పాడు. 1959లో అమెరికాలో డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ అనే ఆచార్యుడు శిక్షణ ఫలితాన్ని కొలవడానికి నాలుగు మెట్లు నిర్ణయించాడు: విన్నవారికి నచ్చినదా, వారు నేర్చుకొన్నారా, వారి నడవడి మారినదా, దానివల్ల పని జరిగినదా అని. ఆ పద్ధతి తరువాత లోకమంతటా వ్యాపించింది. కాశీలో అర్ధాంతరంగా ఆగిపోయిన ఉపన్యాసంలో అదే సోపానం చెవి, కన్ను, హృదయం, చేయి, కాలు అన్న రూపంలో అంతకు ముందే ఉన్నది. ఇందులో మనం గర్వించవలసినదేమీ లేదు. చెప్పినవాడు మనవాడైనా, కొలిచే పనిని మనం చేపట్టలేదు.

ఆ సాయంకాలమే ఆ ఉపన్యాసాన్ని కొలిచి ఉంటే ఏమి తేలేది? మొదటి మెట్టు మీదనే అది విఫలమయ్యేది. అధ్యక్షుడికి నచ్చలేదు, వేదిక మీది పెద్దలకు నచ్చలేదు. విద్యార్థులలో కొందరు మాట్లాడమని కేకలు వేశారన్నది నిజమే. కాని కేకలు వేయడం విద్యార్థుల స్వభావం. అయితే కొద్ది వారాల తరువాత ఇరవై ఏండ్ల మహారాష్ట్ర యువకుడొకడు కాశీ వచ్చాడు. ఇంటర్మీడియటు పరీక్ష కోసం బొంబాయికి బయలుదేరి, దారిలో సూరతులో దిగి, ఇల్లు విడిచి వచ్చినవాడు. ఊరిలో ఇంకా ఆ ఉపన్యాసాన్ని గూర్చిన చర్చ సాగుతూనే ఉన్నది. అతడు పత్రికలో దానిని చదివాడు. సందేహాలు వ్రాసి గాంధీకి ఉత్తరం పంపాడు. జవాబు వచ్చింది. మరల వ్రాశాడు. వచ్చి చూడమని పిలుపు వచ్చింది. 1916 జూన్ 7న కోచరబు ఆశ్రమంలో ఇద్దరూ కలిశారు. అతడే వినోబా భావే.

అనగా, ఆ ఉపన్యాసానికి దక్కిన అతి గొప్ప శ్రోత ఆ సభలోనే లేడు. ఆ కంఠాన్ని అతడు వినలేదు, ఆ ముఖాన్ని చూడలేదు. మనం వక్తృత్వమని పొగిడే వాటిలో ఏ ఒక్కటీ అతని మీద పనిచేయలేదు. సభాభవనంలోని తలలు లెక్కించే కొలత ఏదైనా ఇక్కడ ఓడిపోతుంది.

కాని ఈ కథను వక్తకు అనుకూలంగా చెప్పుకొని తృప్తిపడితే విమర్శ కాదు. వినోబా అప్పటికే ఇల్లు విడిచాడు; తన సర్టిఫికెట్లను అంతకు ముందే పొయ్యిలో వేశాడు. హిమాలయాలకో వంగదేశానికో పోవలెనన్న సంకల్పం అతనిలో ఉండనే ఉన్నది. ఆ ఉపన్యాసం అతనిని కదిలించిందనడం కంటె, కదులుతున్నవాడికి ఒక దిక్కు చూపించిందనడం సత్యం. పైగా ఉపన్యాసం ఒక్కటే ఆ పని చేయలేదు. ఉత్తరం, జవాబు, మరల ఉత్తరం, పిలుపు అన్న ఇతికర్తవ్యత దానికి తోడైనది. గాంధీ ఆ ఉత్తరాలకు జవాబు వ్రాయకపోయినట్లయితే మనం ఈనాడు ఈ కథ చెప్పుకొనేవారం కాము.

మరొక చిక్కు ఉన్నది. మిగిలినవారు మనకు జ్ఞాపకం ఉంటారు, తిరిగిపోయినవారు ఉండరు. 1921 ఆరంభంలో పాట్నాలో అబుల్ కలాం ఆజాద్ ఆంగ్ల ప్రభుత్వపు చదువును విడువుమని మాట్లాడినప్పుడు, పరీక్షలు మూడు వారాలు కూడా లేని సమయంలో జయప్రకాశ్ నారాయణ్ కళాశాల వదలివేశాడు. ఆ ఉపన్యాసపు మహిమకు ఇది సాక్ష్యమని అందరూ వ్రాస్తారు. ఆ రోజులలో దేశమంతటా కళాశాలలు వదలిన విద్యార్థులు వేలకొలది. వారిలో పెక్కుమంది ఉద్యమం ఆగగానే తిరిగి తరగతులకు పోయారు. వారి పేర్లు చరిత్రలో లేవు. విత్తనాల బస్తాలో మొలకెత్తినదానిని మాత్రమే చేతిలోకి తీసుకొని బస్తా అంతా మంచిదని చెప్పే వర్తకుని లెక్క ఇటువంటిది.

చేతులు కదిలినంత మాత్రాన అది వక్త కోరిన కదలికయే అనుకోరాదు. 1921 ఫిబ్రవరి 8న గాంధీ గోరఖ్‌పూర్‌లో మాట్లాడాడు. లక్షకు మించిన జనం వచ్చారు. ధ్వనివర్ధకాలు లేని కాలమది. ఆ జనంలో ఆయన మాట ఎందరి చెవిని పడి ఉంటుందో ఊహించుకోవచ్చు. అయినా ప్రభావం కలిగింది. అది ఎట్టిదో చరిత్రకారుడు షాహిద్ అమీన్ పరిశోధించి చూపించాడు. మహాత్ముని పేరిట ఆ జిల్లా పల్లెలలో వ్యాపించిన మహిమల కథలు, ఆజ్ఞలుగా ప్రచారమైన మాటలు, స్వరాజ్యాన్ని గూర్చి రైతులు కట్టుకొన్న ఊహలు ఆయన వేదిక మీద చెప్పినవాటికి దూరంగా నడిచాయి. సరిగా ఏడాది తిరగకుండానే, 1922 ఫిబ్రవరి 4న, అదే జిల్లాలోని చౌరీచౌరాలో మహాత్మునికి జయం పలుకుతూనే జనం పోలీసుఠాణాకు నిప్పుపెట్టారు. ఇరవైమందికి పైగా పోలీసులు మరణించారు. ఆ వార్త విని గాంధీ ఉద్యమాన్నే నిలిపివేశాడు. ఆ రైతులు ప్రేరణ పొందలేదనగలమా? పొందారు. వారు విన్న ఉపన్యాసం మాత్రం వేరు. క్రియను కొలిస్తే చాలుననుకొనేవారు ఈ ఠాణా బూడిదను కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

ఇక పోచంపల్లి. 1951 మార్చిలో వినోబా వార్ధా ప్రాంతం నుంచి కాలినడకన బయలుదేరి, సుమారు 300 మైళ్లు నడిచి, హైదరాబాదు దగ్గరి శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనానికి వచ్చాడు. తరువాత తెలంగాణ పల్లెలలోకి నడిచాడు. ఏప్రిల్ 18న ఆనాటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి చేరాడు. అక్కడ జరిగినదానిని మనం సాధారణంగా ఒక అద్భుతంగా వర్ణిస్తాము. నా మనవి ఏమంటే, దానిని అద్భుతంగా చూడకుండా ఒక సంభాషణగా చదవండి.

ఆయన హరిజనవాడకు వెళ్లాడు. సుమారు 40 కుటుంబాలు. మీకు ఏమి కావాలని అడిగాడు. భూమి కావాలన్నారు. ఎంత కావాలని అడిగాడు. వారు తమలో తాము మాట్లాడుకొని 80 ఎకరాలు చాలునన్నారు: తరి 40, మెట్ట 40. ప్రభుత్వంతో మాట్లాడతానన్న మాట మొదట ఆయన నోట వచ్చింది. తరువాత, ప్రభుత్వం ఇవ్వకపోయినా, ఇవ్వడానికి ఆలస్యమైనా, ఈ ఊరివారే ఏమైనా చేయగలరా అని అక్కడ చేరినవారిని అడిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు.

ఇందులో వక్తృత్వం ఎక్కడ ఉన్నది? అలంకారం లేదు, ఆవేశం లేదు. ఉన్నవి మూడు ప్రశ్నలు, ఒక అంకె. కాని మీమాంసకుల మూడు ఆకాంక్షలు ఇక్కడ తీరాయి. ఏమి కావాలో తెలిసింది. దేనితో తీరుతుందో తెలిసింది. ఎంత, ఎవరికి, ఎవరి సమక్షంలో అన్నదీ తెలిసింది. పుచ్చుకొనేవారు ఎదురుగానే ఉన్నారు. భూదానోద్యమం ప్రపంచానికి ఇచ్చిన వేల ఉపన్యాసాలన్నిటిలో అతి ఫలవంతమైనది ఉపన్యాసమే కాదని నా అభిప్రాయం.

దాత పక్షం కూడా చూడవలెను. తమకున్న 200 ఎకరాలలో సగం అర్హులకు ఇవ్వవలెనని కాలం చేసిన తన తండ్రి కోరుకొన్నాడని రామచంద్రారెడ్డి ఆ సభలోనే చెప్పాడు. అనగా కోరిక పాతది, అడిగినవాడు కొత్తవాడు. కాశీలో వినోబాకు జరిగినదే పోచంపల్లిలో రామచంద్రారెడ్డికి జరిగింది. అతని వెనుక కాలపరిస్థితి కూడా ఉన్నది. 1946 నుంచి తెలంగాణలో సాయుధ రైతాంగ పోరాటం సాగుతూ ఉన్నది. సుమారు 3,000 గ్రామాలలో 10 లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టు పార్టీ చెప్పుకొన్నది. భూమి తమ చేతిలో నిలుస్తుందో లేదో తెలియని భూస్వామికి దానం చేయుమన్న మాట ఎట్లు వినిపించి ఉంటుంది? వినోబా తెలంగాణలో 51 రోజులు నడిచి, సుమారు 200 గ్రామాలలో 12,000 ఎకరాలకు పైగా పొందాడు. అందులో ఎన్ని ఎకరాలు ఆయన మాటకు, ఎన్ని భయానికి, ఎన్ని ధర్మబుద్ధికి, ఎన్ని పొరుగువాడు ఇచ్చాడన్న మొగమాటానికి చెందుతాయో విడదీయగల తూనికరాళ్లు ఎవరి వద్దా లేవు. విడదీయలేము గనుక అంతా మాట మహిమయే అనడమూ, అంతా భయమే అనడమూ రెండూ సోమరితనమే.

ఇక్కడి నుంచి కథ మారుతుంది. పోచంపల్లిలో అంకె అడిగేవాడి నోట రాలేదు. అవసరం ఉన్నవారి నోట వచ్చింది. తరువాత అంకెను ఉద్యమమే నిర్ణయించింది. 1957 నాటికి 5 కోట్ల ఎకరాలు. ప్రతి భూస్వామీ తనను ఆరవ కుమారునిగా భావించి ఆరవ వంతు ఇవ్వవలెనని వినోబా అడిగాడు. ఆ భావన సుందరమైనది. సభలు పెరిగాయి, ఎకరాలు పెరిగాయి. 1956 మార్చి నాటికి 40 లక్షల ఎకరాలు దాటాయి. అందులో బీహారువే 20 లక్షలకు మించి. మాటల ప్రభావాన్ని ఇంత స్పష్టంగా, ఇంత పెద్ద ప్రమాణంలో లెక్కకట్టిన ఉద్యమం మరొకటి నాకు తెలియదు. ప్రతి సభ చివరా దానపత్రాలు. ప్రతి పత్రం మీదా ఎకరాల సంఖ్య. చప్పట్ల కంటె ఇది ఎంతో నిక్కమైన కొలమానమని ఎవరైనా అంటారు.

అయితే ఆ పత్రం కొలిచినది భూమిని కాదు, భూమి ఇస్తానన్న మాటను. దానం చేసిన భూమిలో ఏటి ఇసుక ఉన్నది, గుట్టలు ఉన్నాయి, న్యాయస్థానంలో వ్యాజ్యం నడుస్తున్న భూములు ఉన్నాయి. మాట ఇచ్చి తరువాత వెనుకకు తీసుకొన్నవీ ఉన్నాయి. 1957 చివరికి నిజంగా పంచినది సుమారు 6,54,000 ఎకరాలు, సుమారు 2 లక్షల కుటుంబాలకు. 1961 ఆరంభానికి 8,72,000 ఎకరాలు. లక్షల ఎకరాలు పంచడం చిన్న విషయమని అనను. ఒక్క ఎకరం అందిన కుటుంబానికి అది ఉద్యమమంతటికీ సమానం. కాని ఇచ్చిన మాటకు, చేతికి అందిన మన్నుకు మధ్య అగాధం ఎంతటిదో ఈ అంకెలే చెబుతున్నాయి.

ఎందువల్ల? దాతలు కపటులనడం సులభం; కొందరు కపటులే. అసలు కారణం వేరని నాకు తోస్తున్నది. భూమి కొలవడం, హద్దులు నిర్ణయించడం, పట్టా మార్చడం, పుచ్చుకొన్నవానికి ఎద్దు, నాగలి, విత్తనం సమకూర్చడం, ఇవన్నీ ఇతికర్తవ్యతలు. ఇవి వేదిక మీద జరిగే పనులు కావు. వీటికి కార్యకర్త కావాలి, గుమాస్తా కావాలి, గొలుసు పట్టుకొనే సర్వేదారు కావాలి. సరిగా ఈ పని మిక్కిలిగా పేరుకొన్న సమయంలో, 1956 నవంబరులో పళనిలో, నిధి సహాయాన్ని, భూదాన సమితుల యంత్రాంగాన్ని వదలివేయవలెనని వినోబా నిశ్చయించాడు. నిధిముక్తి, తంత్రముక్తి అని వాటికి పేర్లు. ప్రేరణ శుద్ధంగా ఉంటే యంత్రాంగంతో పని లేదన్నది ఆయన విశ్వాసం. ఆ నిర్ణయానికి ఆధ్యాత్మికమైన సమర్థన ఉన్నదని ఎరుగుదును. సంస్థలు ఉద్యమాలను మింగివేయడం ఆయన కళ్లారా చూచినవాడు. అయినా, పోచంపల్లిలో ఎంత అని అడిగిన వినోబాకు, పళనిలో యంత్రాంగం వద్దన్న వినోబాకు మధ్య పొత్తు కుదరదు. మొదటివాడు ఇతికర్తవ్యతను తెలిసినవాడు. రెండవవాడు శాబ్దీ భావనయే చాలునని నమ్మినవాడు. ఆ మహాపురుషుని పట్ల నాకున్న గౌరవం ఈ మాట అనడానికి అడ్డు రాకూడదు.

దేశాంతరంలో జరిగిన ఒక చిన్న పరీక్ష ఈ సందర్భంలో చెప్పదగినది. 1965లో హోవార్డ్ లెవెంథల్, అతని సహచరులు యేల్ విశ్వవిద్యాలయపు విద్యార్థులకు ధనుర్వాతం ఎంత భయంకరమో తెలిపే కరపత్రాలు ఇచ్చారు. కొందరికి ఇచ్చినది మిక్కిలి భయం గొలిపేది, కొందరికి సాధారణమైనది. చదివినవారి అభిప్రాయాలు మారాయి, టీకా వేయించుకొంటామన్నారు. నిజంగా వెళ్లి వేయించుకొన్నవారు సుమారు 3 శాతం. మరికొందరికి అదే పత్రంతోపాటు వైద్యశాల ఎక్కడున్నదో చూపే పటం ఇచ్చి, ఏ రోజు ఏ వేళకు వెళ్లగలరో ఆలోచించుకోమన్నారు. వారిలో 28 శాతం వెళ్లారు. ఆ విద్యార్థులకు వైద్యశాల ఎక్కడున్నదో ముందే తెలుసునన్నది ఇందులోని చమత్కారం. పటం వారికి కొత్త జ్ఞానం ఇవ్వలేదు; వెళ్లడమనే పనిని వారి దినచర్యలో ఒకచోట నిలిపింది. భయం పెంచినందువల్ల వెళ్లినవారి సంఖ్య పెరగలేదు. ఇట్టి పరీక్షలు 47 తీసుకొని 2006లో వెబ్, షీరన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కలిపి చూస్తే, మనుషుల సంకల్పంలో గట్టి మార్పు తెచ్చినప్పుడు కూడా నడవడిలో కలిగే మార్పు అంతకంటె చాలా తక్కువగా ఉంటుందని తేలింది. కుమారిలుడు చూచి ఉంటే ఆశ్చర్యపడేవాడు కాడు.

మన సభలలో నేడు జరిగే కొలత వేరు. ఉపన్యాసం ముగియగానే కాగితం పంచుతారు, లేదా చేతిలోని ఫోనులో గుర్తు పెట్టమంటారు. వక్త ఎట్లా ఉన్నాడు, మీరు ఉత్తేజితులైనారా అని ప్రశ్నలు. ఆ ఉపన్యాసాన్ని ఇన్ని లక్షల మంది చూచారని తరువాత ప్రకటిస్తారు. ఈ కాగితాల విలువ ఏపాటిదో 1973లో అమెరికాలో ప్రచురితమైన ఒక ప్రయోగం తేటతెల్లం చేసింది. ఒక నటుడిని పండితుడని పరిచయం చేసి, పరస్పర విరుద్ధమైన, అర్థం లేని మాటలతో నింపిన ఉపన్యాసాన్ని చక్కని హావభావాలతో చెప్పించారు. విన్నవారు మానసిక వైద్యులు, విద్యావేత్తలు. వారు వ్రాసిన అభిప్రాయాలలో ఎక్కువ భాగం ప్రశంసలే.

ఆ పండితులను చూచి నవ్వే అర్హత నాకు లేదు. ఒక విద్యాసంస్థలో గ్రామసేవను గూర్చి జరిగిన ఉపన్యాసానికి నేను వెళ్లాను. కన్నీళ్లు వచ్చాయి. పంచిన కాగితం మీద నా జీవితంలో విన్న ఉత్తమోపన్యాసం ఇదేనని వ్రాశాను. వేసవి సెలవులలో పల్లెకు వెళ్తానని చేయి కూడా ఎత్తాను. వేసవి వచ్చింది, పోయింది. నేను వెళ్లలేదు. ఎక్కడికి వెళ్లాలో, ఎవరిని కలవాలో ఎవరూ చెప్పలేదన్నది నిజం. నేను అడగలేదన్నదీ నిజం. నా కాగితం ఆ వక్త విజయాల లెక్కలో ఎక్కడో ఇంకా ఉండి ఉంటుంది.

కొలవడం అసాధ్యమని చేతులు ముడుచుకోవడానికి నేను ఇదంతా వ్రాయలేదు. కొన్ని కొలతలు సులభమే. సభ నాడు కాక ఏడాది తరువాత అడగవచ్చు. మాట ఇచ్చినవారిని కాక, మాట చెల్లించినవారిని లెక్కించవచ్చు. సభకు వచ్చిన ఊరి పక్కన రాని ఊరిని పెట్టి చూడవచ్చు. ఉపన్యాసపు పాఠం చేతిలోకి తీసుకొని, ఇందులో శ్రోత రేపు ఉదయం చేయవలసిన పని ఏదైనా ఉన్నదా అని వెదకడం విమర్శకునికి అన్నిటికంటె సులభం. వివేకానందుని నుంచి వినోబా దాకా మన వక్తల ఉపన్యాస సంపుటాలు గ్రంథాలయాలలో వరుసగా ఉన్నాయి. ఆ వరుసను ఈ దృష్టితో చదివినవారు కనబడరు.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. కందుకూరి వీరేశలింగం 1879లో వితంతు వివాహాన్ని సమర్థిస్తూ రాజమహేంద్రవరంలో ఉపన్యసించాడు. శాస్త్ర ప్రమాణాలు చూపాడు. పండితులు ఖండించారు, ఆయన ప్రతిఖండన చేశాడు. విన్నవారిలో మెచ్చినవారు లేకపోలేదు. మొదటి వివాహం 1881 డిసెంబరు 11న జరిగింది. ఉపన్యాసానికి, వివాహానికి మధ్య గడచిన ఆ రెండేండ్లను ఆయన స్వీయచరిత్రలో చదవవలెను. వధువును తెచ్చేదెవరు, వరుని ఒప్పించేదెవరు, ఖర్చు పెట్టేదెవరు, మంత్రం చెప్పే పురోహితుడెవరు అన్న ప్రశ్నలతో ఆ పుటలు నిండి ఉంటాయి. సభలో తల ఊపినవారిలో పెక్కుమంది బహిష్కారానికి వెరచి వెనుకకు తగ్గారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశాడు. వంటవారు, నీళ్లు మోసేవారు రావడం మానుకొన్నప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి తానే నీళ్లు తెచ్చి, తానే వంట చేసింది. ఆయన ఉపన్యాసపు ప్రభావాన్ని తెలిసికొనదలచినవారు ఆ ఉపన్యాసపు పాఠంతో పాటు ఈ పుటలను కూడా ముందు పెట్టుకొని పని మొదలుపెట్టవచ్చు.